పండగ పచ్చదనం పెరట్లోనే ఉంది
క్రిస్మస్ మొక్కల చుట్టూ అల్లుకున్న అపోహలు, అసలు సంగతులు

గుండుగొలను నుంచి కొవ్వూరు వెళ్లే జాతీయ రహదారి మీద నల్లజర్ల మెట్ట ప్రాంతం. ఎర్రనేలల్లో ఆయిల్‌పామ్, జీడిమామిడి, మామిడి తోటలు. కాస్త దిగువకు తాడేపల్లిగూడెం వైపు వెళ్తే వరి చేలు, గట్ల మీద కొబ్బరి. ఇంకా దిగితే ఏలూరు దాటాక కొల్లేరు. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. ఇంత పచ్చదనం మధ్య ఉంటూ, డిసెంబరు రాగానే మనలో చాలామంది అట్టపెట్టెలో మడిచి పెట్టిన ప్లాస్టిక్ చెట్టు కోసం బజారుకు వెళ్తున్నాం. డబ్బు ఒక్కటే కారణం కాదు. మొక్కల గురించి మనకున్న అపనమ్మకాలూ కారణమే. కొన్ని మొక్కలంటే లేనిపోని భయం, నిజంగా భయపడాల్సిన కొన్నిటి మీదేమో గుడ్డి నమ్మకం.

అపోహ: కోను ఆకారంలో దేవదారు లాంటి చెట్టు ఉంటేనే క్రిస్మస్ అలంకరణ.

వాస్తవం: యేసు పుట్టిన కథలో ఆ చెట్టు ఎక్కడా లేదు. బేత్లెహేము కొండల్లో పెరిగేవి ఒలీవ, అంజూరం, ద్రాక్ష. ఇంట్లో చెట్టు నిలబెట్టి అలంకరించే ఆచారం జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో మొదలైంది. స్ట్రాస్‌బర్గ్‌లో ఇళ్లలో అలా చెట్లు పెట్టుకునేవారని 1605 నాటి రాతల్లో ఉంది. ఇంగ్లండులో అది సామాన్యుల ఇళ్లకు పాకింది 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ పత్రికలో అచ్చయ్యాకే. బౌడెన్, బీర్ అనే మిషనరీలు ఇంగ్లండు నుంచి బయల్దేరి మన నరసాపురం వైపు వచ్చింది 1836లో. అంటే గోదావరి డెల్టాకు సువార్త వచ్చేనాటికి, దాన్ని తెచ్చినవారి ఊళ్లలోనే క్రిస్మస్ చెట్టు ఇంకా ఇంటింటి ఆచారం కాలేదు. కొబ్బరాకుల పందిరి, మామిడాకుల తోరణం, గుమ్మం పక్కన అరటి పిలకలు కట్టి పండగ చేసుకున్న ఇల్లు ఎవరికీ తీసిపోదు.

అపోహ: చెట్టును, కొమ్మలను అలంకరించడమే వాక్యవిరుద్ధం.

వాస్తవం: ఇలా చెప్పేవారు సాధారణంగా యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయం చూపిస్తారు. అడవిలో చెట్టు నరికి వెండి బంగారాలతో అలంకరించడం గురించి అక్కడుంది. కానీ అది చెక్కి నిలబెట్టి పూజించే విగ్రహం గురించిన మాట. క్రిస్మస్ చెట్టు ఆచారం కంటే రెండువేల ఏళ్ల ముందుది. అదే బైబిల్లో నెహెమ్యా 8వ అధ్యాయం తీసి చూడండి. పర్ణశాలల పండుగకు కొండకు వెళ్లి ఒలీవ, గొంజి, ఈత కొమ్మలు తెచ్చి పందిళ్లు వేసుకోమన్న సంగతి ఉంది. ఎవరి నేలలో దొరికే కొమ్మలు వారు తెచ్చుకున్నారు. ఏటా మట్టల ఆదివారం నాడు మనం చేసేదీ అదే. సంఘంలో ఈ విషయం మీద భిన్నాభిప్రాయం ఉంటే పెద్దలతో మాట్లాడుకోవచ్చు. పచ్చని కొమ్మ ఇంటికి తెచ్చిన పిల్లను మాత్రం పాపం చేసినట్టు చూడకూడదు.

బంతిపూలు, మామిడాకులు, సాంబ్రాణి ‘మనవి కావు’ అనేవారికీ ఒక మాట. బంతి మెక్సికో ప్రాంతం నుంచి వచ్చింది, చామంతి చైనా మొక్క. ఏ మతంవారూ వాటిని రాసి ఇప్పించుకోలేదు. ఇక సాంబ్రాణి, బోళం బాలయేసుకు జ్ఞానులు తెచ్చిన కానుకల్లోనే ఉన్నాయి. రెండూ చెట్టు బెరడు నుంచి కారే జిగురే.

అపోహ: నర్సరీలో ‘క్రిస్మస్ చెట్టు’ అని అమ్మేది పైన్ మొక్క. ఎక్కడ నాటినా ఒకటే.

వాస్తవం: కడియం నర్సరీల నుంచి మన ఊళ్లకు వచ్చే ఆ అంతస్తుల కొమ్మల మొక్క అరకేరియా. పైన్ కుటుంబమే కాదు. దాని సొంత ఊరు ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ సముద్రంలోని దీవులు. అక్కడ 50 మీటర్లు దాటి పెరుగుతుంది. వేడి ప్రాంతపు మొక్క కనుక మన ఎండకు తట్టుకుంటుంది, కుండీలోనూ కొన్నేళ్లు హాయిగా ఉంటుంది. దానికి పడనిది వేళ్ల దగ్గర నిలిచే నీరు. నల్లజర్ల ఎర్రనేలలో నీరు ఇంకిపోతుంది కాబట్టి పెరట్లో నాటినా బతుకుతుంది. తాడేపల్లిగూడెం దిగువన బంకమట్టిలో గుంట తీసి పెడితే వేళ్లు కుళ్లే ప్రమాదం ఉంది. అక్కడివారు కుండీలోనే ఉంచడమో, మట్టి ఎత్తు చేసి నాటడమో మేలు. కరెంటు తీగల కింద మాత్రం ఎక్కడా నాటొద్దు. పొడవు పెరిగిందని తల తుంచొద్దు, మళ్లీ ఆ అందమైన కొన రాదు. మంచు కురిసినట్టు కనబడాలని తెల్లరంగు కొట్టడం కూడా దానికి చేటే. ఆకు మీద రంగు పడితే ఎండ అందదు.

అపోహ: సరుగుడు కొమ్మ తెస్తే అడవి నరికినట్టే.

వాస్తవం: మన కోస్తాలో సరుగుడు రైతు వేసే పంట. నాలుగైదేళ్లకు కోసి కాగితం మిల్లులకు, పందిరి గుంజలకు అమ్ముతారు. కోత సమయంలో కొసలు, చిల్లర కొమ్మలు ఎలాగూ మిగిలిపోతాయి. రైతునడిగి ఒక కొస తెచ్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. చెప్పకుండా రోడ్డు పక్క చెట్టు విరిచి తేవడం వేరే సంగతి, అది తప్పే. ఇంకో విశేషం, సూదుల్లా కనబడినా సరుగుడుకీ పైన్‌కీ చుట్టరికం లేదు. ఆ ‘సూది’ని రెండు చేతులతో పట్టి మెల్లగా లాగండి, కణుపు దగ్గర పుటుక్కున ఊడుతుంది. కణుపు చుట్టూ చిన్న చిన్న పళ్లలా ఉన్నవే దాని ఆకులు. మనం ఆకనుకునేది సన్నని రెమ్మ. పిల్లలకు ఇది చూపించి తీరాలి.

తడి ఇసుక నింపిన బకెట్లో గుచ్చి, రోజూ నీళ్లు చిలకరిస్తుంటే పండగ దాకా పచ్చగా ఉంటుంది.

అపోహ: ఎర్ర ఆకుల క్రిస్మస్ మొక్క (పాయిన్‌సెట్టియా) విషం, ఇంట్లో పిల్లలుంటే పెట్టకూడదు.

వాస్తవం: ప్రపంచమంతా తిరిగిన పుకారు ఇది. పాయిన్‌సెట్టియా ఆకు నమిలి హవాయిలో ఒక పసివాడు చనిపోయాడని 1919లో పుట్టిన కథ దీనికి మూలం. దానికి ఆధారం దొరకలేదు. అమెరికాలోని విష సమాచార కేంద్రాలకు అందిన 22,793 కేసులను పరిశీలించి 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో మరణం ఒక్కటీ లేదు. నూటికి 92 మందికి పైగా ఏ లక్షణమూ కనబడలేదు. తుంచినప్పుడు కారే పాలు చర్మానికి తగిలితే కొందరికి దురద పుడుతుంది, కళ్లలో పడితే మంట. ఆకు తింటే వాంతులు కావచ్చు. అందుకని చేతులు కడుక్కోవాలి, పసిపిల్లలకు అందకుండా కాస్త ఎత్తున పెట్టాలి. అంతకుమించి భయం అక్కర్లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఎరుపు కోసం దండల్లో గుచ్చే గురివింద గింజలు. కంచెల మీద తీగె ఎండి కాయ పగిలితే ఎర్రగా నల్లమచ్చతో మెరిసిపోయే ఆ గింజలో ఎబ్రిన్ అనే ప్రాణాంతక విషం ఉంది. పైపెంకు గట్టిది కాబట్టి గింజ నలగకుండా కడుపులోకి పోతే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. దండ గుచ్చడానికి సూదితో రంధ్రం చేశామంటే ఆ పెంకు రక్షణ పోయినట్టే. పసివాడు నమిలాడంటే ప్రాణం మీదికి వస్తుంది. పెరట్లోని గన్నేరు, పచ్చగన్నేరు కూడా అంతే. ఆకు, పువ్వు, కాయ అన్నీ గుండె మీద పనిచేసే విషాలే. గన్నేరు పూలు చూడ్డానికి బావుంటాయని భోజనాల బల్ల మీద పరచొద్దు, ఆ పుల్లలతో కేకు ముక్కలు గుచ్చొద్దు. ఎవరైనా నమిలారని అనుమానం వస్తే ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకుండా, ఆ కొమ్మనో గింజనో వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎరుపు కావాలంటే దొండపండ్లు లేవా! పాదు మీద పండిన దొండపండుకున్న ఎరుపు ఏ ప్లాస్టిక్ పూసకూ రాదు. పిల్లాడు తిన్నా ఏమీ కాదు, మిగిలితే పిట్టలు తింటాయి.

అపోహ: పాయిన్‌సెట్టియా ఒక్క ఏడాదే ఎర్రబడుతుంది, తర్వాత పారేయడమే.

వాస్తవం: ఎర్రగా ఉన్నవి ఆకులే. అసలు పూలు వాటి మధ్యన పసుపుపచ్చని చిన్న గుండ్ల మాదిరి ఉంటాయి. రాత్రి నిడివి పన్నెండు గంటలు దాటి పెరుగుతుంటే ఈ మొక్కకు పూత సంకేతం అందుతుంది. సెప్టెంబరు 23 తర్వాత మన దగ్గర రాత్రులు అలాగే పెరుగుతాయి కనుక, నేలలో నాటిన మొక్క డిసెంబరుకు దానంతటదే ఎర్రబడుతుంది. వరండా లైటు తెల్లవార్లూ దాని మీద పడుతుంటే మాత్రం పచ్చగానే ఉండిపోతుంది. వీధిదీపం పక్కనున్న మొక్కను గమనించండి, దీపం వైపు కొమ్మలు పచ్చగా, అవతలి వైపువి ఎర్రగా ఉండొచ్చు. ఫిబ్రవరి, మార్చిలో సగానికి కత్తిరించి, ఆ కొమ్మలు నాటుకుంటే మరో నాలుగు మొక్కలు.

అపోహ: గుమ్మానికి కట్టే ఆకుల చక్రానికి ఖరీదైన సామాను కావాలి.

వాస్తవం: వేపచెట్టు మీద పాకిన తిప్పతీగ చాలు. వేలు లావు తీగను మూడు నాలుగు చుట్లు చుట్టి పురికొసతో కట్టండి. నేల నుంచి తెగినా తిప్పతీగ వారాల తరబడి చావదు. గుమ్మానికి వేలాడుతూనే కొత్త చిగురు వేస్తుంది. దాని సందుల్లో సరుగుడు రెమ్మలు, మామిడాకులు, దొండపండ్లు గుచ్చితే సరి. ఇంకా దృఢంగా కావాలంటే ఆయిల్‌పామ్ తోటలకు వెళ్లండి. గెల కోసినప్పుడల్లా దాని కింది మట్టనూ నరికి వరుసల మధ్య పడేస్తారు. తొడిమ దగ్గర ముళ్లుంటాయి, అది చూసుకుని పైభాగం ఆకులు కోసుకుంటే ఈనెలు చక్కగా వంగుతాయి. మామిడి తోట ఉన్నవారు కొమ్మలకు పట్టిన బదనికను నరికి తెచ్చినా చెట్టుకు మేలే. యూరప్‌లో గుమ్మాలకు కట్టే మిసిల్‌టో దీని లాంటి పరాన్నజీవే. కాయలు మాత్రం పిల్లలకు అందనివ్వొద్దు.

అపోహ: కొల్లేటిలో జమ్ము, కిక్కిస ఎంతయినా ఉంది, కోసుకొస్తే ఎవరడుగుతారు?

వాస్తవం: అడగాలి. కొల్లేరు 1999 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. అభయారణ్యం హద్దుల్లో మొక్క కోయడం నేరం. పైగా డిసెంబరంటే వలస పక్షులు దిగే కాలం, ఆటపాకలో గూడబాతుల పిల్లల కాలం. ఆ జమ్ము గుబుర్లే నీటిపక్షులకు ఇల్లు. పుట్టిన బిడ్డకు చోటు దొరకని కథను తలచుకునే పండగకు మరో ప్రాణి గూడు చెరపడం నాకు ఏమాత్రం మింగుడుపడదు. క్రిస్మస్‌కు పేర్చే పశువుల పాక కప్పడానికి కిక్కిస కంటే వరిగడ్డి బావుంటుంది.

గుర్రపుడెక్క పూలు ఊదారంగులో ముద్దొస్తాయని ఇంటి తొట్టెలో వేసుకోవడం మరో పొరపాటు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పండగయ్యాక కాలవలో విసిరేస్తే ఆ కాలవ మూసుకుపోతుంది.

అపోహ: రాత్రి గదిలో మొక్కలుంటే ఊపిరాడదు.

వాస్తవం: మొక్కలు రాత్రి వదిలే బొగ్గుపులుసు వాయువు, పక్కన పడుకున్న మనిషి వదిలేదాని ముందు లెక్కకు రాదు. అలాగని నాలుగు కుండీలు గది గాలిని కడిగేస్తాయన్నదీ నిజం కాదు. ఆ నమ్మకానికి మూలమైన 1989 నాటి నాసా ప్రయోగం మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. కిటికీ తీసినంత మేలు కావాలంటే గదిలో చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని 2019లో ఒక సమీక్ష తేల్చింది. మొక్కల్ని కంటికి ఇంపుగా పెట్టుకోండి, గాలికి కిటికీ తీయండి.

అపోహ: పచ్చి కొమ్మే కదా, అంటుకోదు.

వాస్తవం: నీళ్లు ఆపేస్తే సరుగుడు త్వరగా ఎండుతుంది, ఎండితే మంచి వంటచెరకు. కొవ్వొత్తి దగ్గర పెట్టొద్దు, పాత సీరియల్ సెట్టు చుట్టి నిద్రపోవద్దు. పండగయ్యాక కొమ్మలకున్న మెరుపుకాగితాలు, తీగలు విప్పి తీసేశాకే బయట పడేయండి. ఊళ్లో వాటిని మొదట నోట పెట్టేది ఆవులూ మేకలే.

అపోహ: పశువుల పాకలో పచ్చిక కావాలంటే ప్లాస్టిక్ చాపే గతి.

వాస్తవం: డిసెంబరులో డెల్టా అంతటా దాళ్వా నారుమళ్లు పోస్తూనే ఉంటారు. అదే పని కంచంలో చేయండి. గుప్పెడు వడ్లు ఒక పగలూ రాత్రీ నానబెట్టి, తడి గోనెలో మరో రెండు రోజులు మూటకట్టి ఉంచితే మొలక పగులుతుంది. చల్లటి రోజులు కదా, కాస్త ఆలస్యమైతే కంగారు పడొద్దు. పల్చగా పరిచిన మట్టి మీద చల్లి తడి ఆరకుండా చూస్తే పది రోజులకు బెత్తెడు నారు వస్తుంది.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అప్పుడే సార్వాలో నూర్చిన కొత్త వడ్లు తెచ్చి నానబెడతారు, మొలవవు. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ లాంటి రకాల గింజకు కోశాక కొన్ని వారాలు నిద్ర ఉంటుంది. వానలో తడిసినా వెన్ను మీద మొలకెత్తకుండా కాపాడే గుణం అది. అందుకని పోయినేటి వడ్లు వాడండి. విత్తన సంచిలోవి వద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది. వడ్లు లేకపోతే రాగులో మెంతులో చల్లండి.

డిసెంబరు పదో తేదీన నానబెడితే ఇరవై నాలుగో తేదీ రాత్రికి పాకలో నారు సిద్ధంగా ఉంటుంది. పండగయ్యాక పక్కింటి గేదెకు వేయండి.