తెరతో మొదలయ్యే లెక్క

మొదటి గేమింగ్ కంప్యూటర్‌ను కూర్చుకునేవారు చాలామంది ప్రాసెసర్‌తో ఆలోచన మొదలుపెడతారు. నిజానికి లెక్క మానిటర్ దగ్గర మొదలు కావాలి. 1920 × 1080 తెరపై పిక్సెళ్ళు 20,73,600; 3840 × 2160 తెరపై సరిగ్గా దానికి నాలుగింతలు. సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కో చిత్రానికి దక్కే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో పాత్రల కదలికలను లెక్కగట్టి, ఏమి గీయాలో చెప్పేది ప్రాసెసర్. ప్రతి పిక్సెల్‌కూ రంగు తేల్చేది గ్రాఫిక్స్ కార్డు. రెండింటిలో ఏది వెనకబడితే ఆట వేగం దానిదే. పిక్సెళ్ళు పెరిగినప్పుడు అదనపు భారం దాదాపు అంతా కార్డు మీదే పడుతుంది.

అందువల్ల డబ్బు పరిమితమైనప్పుడు 1080 తెరతో సరిపెట్టుకొని, ఆరు కోర్ల మధ్యరకం ప్రాసెసర్ తీసుకొని, పెద్ద వాటాను కార్డుకు కేటాయించడం మేలు. పదహారు కోర్లు వీడియో ఎడిటింగుకు ఉపయోగమే గాని, చాలా ఆటలు వాటన్నిటికీ పని చెప్పలేవు. ర్యామ్ 16 గిగాబైట్లయితే ఒకే స్టిక్‌గా కాక 8 చొప్పున రెండు కొనాలి. అప్పుడే రెండు ఛానెళ్ళూ పనిచేస్తాయి. రంగురంగుల దీపాలు ఒక్క చిత్రాన్నీ త్వరగా గీయవు.

పొదుపు పనికిరాని చోటు పవర్ సప్లై. 80 ప్లస్ ముద్ర విద్యుత్తు ఎంత వృథా అవుతుందో తెలిపే కొలమానమే. లోపలి రక్షణ వలయాల నాణ్యతకు హామీ కాదు. నాసిరకం సప్లై తాను చెడిపోతూ కార్డునూ వెంట తీసుకుపోగలదు.

మదర్‌బోర్డు ఖరీదైనది కానక్కరలేదు, సాకెట్ మాత్రం చూసుకోవాలి. 2017లో తొలి రైజెన్ కోసం కొన్న ఏఎమ్4 బోర్డులలో చాలావాటిపై, బయోస్ మార్చుకుంటే, 2022 నాటి 5800ఎక్స్3డీ కూడా నడిచింది.