దేహానికి సింహద్వారం నోరు

భిలాయి ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులతో సెక్టార్లు నిండాయి. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడే స్థిరపడ్డాయి. అయితే ఊరు మారినంత సులభంగా అలవాటు మారదు. ఆ కుటుంబాలు విడిచివచ్చిన తీరానికీ, చేరుకొన్న ఛత్తీస్‌గఢ్‌కూ నోటిని కాల్చే అలవాటు చెరియొకటి ఉంది. రెండింటికీ మూలం పొగాకే.

ఛత్తీస్‌గఢ్‌లో దాని పేరు గుడాఖు. పొగాకు, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమన్ను కలిపిన ఈ ముద్దను వేలితో పళ్లకూ చిగుళ్లకూ రుద్దుకొంటారు. దంతధావనంగా మొదలైన పని క్రమంగా వ్యసనమవుతుంది. ఉదయం ఒక్కసారి తెరిచే డబ్బీని పూటపూటకూ తెరవవలసివస్తుంది. పంటినొప్పి తగ్గిందని వాడేవారు సంతోషిస్తారు. కాని నొప్పి తెలియకపోవడం వేరు, జబ్బు నయం కావడం వేరు. టూత్‌పేస్టు, పళ్లపొడులలో పొగాకు కలపడాన్ని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

ఉత్తరాంధ్ర తీరపు అలవాటు అడ్డపొగ. చుట్ట నిప్పుకొసను నోటిలోపల ఉంచి పీల్చే ఈ పద్ధతి స్త్రీలలోనే ఎక్కువ. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, ఫలి మెహతా తదితరులు 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అంగిలిపై దాని దుష్ఫలితాలను 1971లో వెల్లడించారు. ఇతరత్రా అరుదైన అంగిలి కేన్సర్‌కు ఈ అలవాటు దారి తీస్తుంది.

నోటి జబ్బు నోటితో ఆగదు. పాచిలోని సూక్ష్మజీవులు వాచిన చిగుళ్ల ద్వారా రక్తంలో ప్రవేశిస్తాయి. ఆరోగ్యవంతుని శరీరం వాటిని త్వరలోనే తుదముట్టిస్తుంది. గుండె కవాటాలు దెబ్బతిన్నవారిలో మాత్రం అవి అక్కడే తిష్ఠవేసి ప్రాణాపాయం తేగలవు. మధుమేహంతో ఈ సంబంధం రెండువైపులా నడుస్తుంది: చక్కెర పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే చక్కెర అదుపు తప్పుతుంది. చిగుళ్లకు చికిత్స చేస్తే చక్కెర కొంత తగ్గుతుందని కూడా తేలింది.

అయినా అత్యుత్సాహం తగదు. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, అనేక రోగాలకు మూలం నోటిలోని చీమే అన్నాడు. ఆ మాట పట్టుకొని కీళ్లనొప్పులకు సైతం మంచి పళ్లను ఊడబెరికిన వైద్యులున్నారు. ఆశించిన ఫలితం కనిపించక ఆ వెర్రి కొన్ని దశాబ్దాలకు చల్లారింది. చిగుళ్లవ్యాధికీ గుండెజబ్బుకూ సంబంధం కనిపిస్తున్నా, ఒకటి మరొకదానికి కారణమని రుజువు కాలేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టం చేసింది. రెండింటినీ పెంచే పొగాకు నేరం మాత్రం నిస్సందేహం.

చేయవలసింది కొంచెమే. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోవాలి. చిగుళ్లనుంచి రక్తం వస్తే దంతవైద్యుని చూడాలి. మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపిస్తే ఆలస్యం కూడదు. తొలిదశలో పట్టుబడిన నోటి కేన్సర్‌కు చికిత్స ఎక్కువగా ఫలిస్తుంది. నొప్పి లేదుగదా అని ఊరుకొన్నవారే ఆ అవకాశాన్ని పోగొట్టుకొంటున్నారు.