అబద్ధసాక్ష్యము పలుకవద్దు – సండేస్కూలు ఉపాధ్యాయులకు ఒక మాట

సండేస్కూలు ఉపాధ్యాయులుగా తర్ఫీదు పొందుచున్న యౌవనస్థులారా, ఈ వేళ మీతో మాట్లాడాలని ఆశపడుచున్నాను. మన ధ్యానభాగము నిర్గమకాండము 20వ అధ్యాయము, 16వ వచనము. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదని దేవుడు అక్కడ ఆజ్ఞాపించాడు.

ఇది ఎన్నవ ఆజ్ఞ? మనలో అనేకులు తొమ్మిదవదంటారు. కేథలిక్ పిల్లవాడు ఎనిమిదవదంటాడు. లూథరన్ పిల్లవాడు కూడా ఎనిమిదవదనే అంటాడు. దీనిని చూపి, విగ్రహములను గూర్చిన ఆజ్ఞను కేథలిక్కులు తీసివేశారని కొందరు బోధిస్తారు. అది నిజము కాదు. అగస్టీను లెక్కను అనుసరించి వారు దానిని మొదటి ఆజ్ఞలోనే కలిపి, ఆశింపకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా లెక్కిస్తారు. పిల్లలు కంఠస్థము చేసే క్లుప్తరూపములో ఆ మాటలు కనబడకపోవచ్చు గాని, వారి బైబిలులో ఉన్నవి. చూశారా, అబద్ధసాక్ష్యము వద్దన్న ఆజ్ఞ దగ్గరే మనము అబద్ధసాక్షులమయ్యే ప్రమాదమున్నది!

గనుక వారి విశ్వాసమును వారి నోటనే వినండి. 1992లో పోపు రెండవ జాన్ పాల్ వెలువరించిన సత్యోపదేశ గ్రంథములో నాలుగు భాగములున్నవి: విశ్వాసప్రమాణము, సంస్కారములు, క్రీస్తునందలి జీవితము, ప్రార్థన. మొదటి భాగమునకు ఆధారము మనము కూడా చెప్పే అపొస్తలుల విశ్వాసప్రమాణమే. త్రియేక దేవుడు, సిలువ, పునరుత్థానము – వీటిలో మనకు వారితో భేదము లేదు.

మరియమ్మను దేవతగా పూజిస్తారని పిల్లలకు చెప్పవద్దు. ఆరాధన దేవునికి మాత్రమేననీ, మరియమ్మకు చెల్లించేది విశేష గౌరవమనీ, తమకొరకు ప్రార్థించమని ఆమెను అడుగుతామనీ వారి బోధ. మనమైతే 1 తిమోతి 2:5ను బట్టి, క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి గనుక పరలోకమందున్న భక్తులను వేడుకొనము. ఈ తేడాను స్పష్టముగా చెప్పండి.

పోపు పాపము చేయడని కూడా వారు చెప్పరు. ఆయన కూడా పాపసంకీర్తనము చేస్తాడు. విశ్వాస, నైతిక విషయములలో సర్వసంఘమునకు అధికారపూర్వకముగా చేసే తీర్మానము తప్పిపోదని 1870లో మొదటి వాటికన్ సభ ప్రకటించింది. దీనిని మనము అంగీకరించము. వారికి సంస్కారములు ఏడు, మనకు రెండు. వారి బైబిలులో 73 గ్రంథములు, మన బైబిలులో 66.

మరి రక్షణ సంగతి? క్రియలతో రక్షణ కొనుక్కుంటారన్న మాట తరచుగా వింటాము. అయితే 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కేథలిక్ సంఘము, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకము చేశాయి. మన యోగ్యతను బట్టి కాక, క్రీస్తు రక్షణకార్యమందలి విశ్వాసమువలన కృపచేతనే దేవుడు మనలను అంగీకరిస్తాడని ఇరువురూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘముల ప్రపంచ కూటమి కూడా దానితో ఏకీభవించాయి. అంతటితో భేదములన్నీ తీరిపోలేదు. ఉత్తరించుస్థలము, బలిపూజ వంటి విషయములలో నేటికీ మన దారి వేరే.

ప్రియులారా, మీ తరగతిలో కూర్చున్న పిల్లవాని అమ్మమ్మ చేతిలో జపమాల ఉండవచ్చు. మీరు చెప్పిన మాట ఆ సాయంత్రమే ఆ ఇంటికి చేరుతుంది. వెనుక బల్లమీద కేథలిక్ ఉపదేశి కూర్చున్నాడనుకోండి. మీ పాఠము విని, “అవును, మేము నమ్మేది ఇదే” అని ఆయన అనగలగాలి. ఆ తరువాత మనము నమ్మేదేమిటో, ఎందుకో, వాక్యము తెరచి ధైర్యముగా చెప్పండి. సత్యమును నిలబెట్టుటకు అబద్ధము సహాయము అక్కరలేదు.

ప్రభువు మన నాలుకలను కాపాడును గాక. ఆమేన్.