తెరపై చదువు, తీరమున పరీక్ష

పలాస–కాశీబుగ్గ జీడిపప్పు కర్మాగారములలో ఎవరును వ్రాసిపెట్టకపోయినను అందరును పాటించు ధర్మమొకటి కలదు. తోటలనుండి 80 కిలోల బస్తాలలో వచ్చి దిగిన పిక్కలెన్ని యనునది పద్దు పుస్తకమున కెక్కునేగాని, ఆ పద్దునుబట్టి తన వ్యాపారము బాగున్నదని ఏ యజమానియు చెప్పుకొనడు. పిక్కలు ఉడికి, పగిలి, ఎండి, పొర వీడి, గ్రేడింగు బల్లమీదికి చేరిన పిమ్మట, విరగని పప్పెంత, బద్ద యెంత, ముక్క యెంత యని ఆ బల్లచుట్టును కూర్చున్న ఆడువారి వ్రేళ్లు తేల్చిననాడే ఆ బస్తా విలువ బయటపడును. పౌనుకు 180 తూగు పప్పునకు ఒక వెల, 320 తూగు పప్పునకు మరియొక వెల. చదువు చెప్పు యంత్రముల విషయమున, శిక్షణ శిబిరముల విషయమున మాత్రము మన మీ ధర్మమును విస్మరించి, బస్తాలు దించిన దినముననే సంబరము చేసికొను అలవాటున పడితిమి. ఎన్ని ట్యాబులు పంచితిమి, ఎన్ని తెరలు గోడలకు బిగించితిమి, ఎందరు ఉపాధ్యాయుల కెన్ని గంటల శిక్షణ నిచ్చితిమి యనునవి పిక్కల లెక్కలు. పప్పు లెక్క వేరు.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022 జూన్ మాసమున తెరపాఠములు కూర్చు బైజూస్ సంస్థతో ఒడంబడిక చేసికొని, ఆ యేడే డిసెంబరు 21వ తేదీ మొదలుకొని ఎనిమిదవ తరగతి విద్యార్థులకును వారి ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైబడిన ట్యాబులను పంచినది. పలాస చుట్టునున్న తీరసీమయగు ఉద్దానపు బడులలో ఇసుకదారుల వెంట నడచి వచ్చు పిల్లల సంచులలోనికిని అవి చేరినవి. పాఠములను ముందుగనే యంత్రములో నింపి యిచ్చుట ఆ యేర్పాటులోని తెలివైన యంశమని ఒప్పుకొనవలెను. ఏలయన, సముద్రతీర గ్రామములలో నెట్‌వర్కు ఎప్పుడుండునో ఎప్పుడు పోవునో చెప్పలేము. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, కొబ్బరిని జీడిని వేళ్లతో పెకలించి, కరెంటు స్తంభములను పడవేసినపుడు, ఊళ్లకు ఊళ్లు దినముల తరబడి చీకటిలో మ్రగ్గినవి. అట్టి సీమకు ఉద్దేశించిన సాధనము నెట్‌వర్కు లేనపుడును పని చేయగలిగియుండుట విలాసము కాదు, మొదటి షరతు. కాని 2024 జూలైలో ఆ పాఠములు కూర్చిన సంస్థయే దివాలా వ్యవహారమున చిక్కుకొనినది. పరికరము పిల్లవాని చేతిలోనే యుండగా పాఠమును దిద్దవలసినవాడు కనుమరుగగు నీ స్థితిని ఒడంబడిక వ్రాసిన వారూహింపకపోవుట వింత గాదు. సాధన నిర్మాణమనగా పెట్టెను తయారుచేయుటయే యని మన మందరమును తలచితిమి.

ఈ భ్రమ మన కొక్కరికే చెందినది కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము పల్లెబడుల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచగా, 319 పాఠశాలలను పరిశీలించిన పరిశోధకులు, పదునైదు మాసముల పిమ్మట గణితమునగాని భాషలోగాని చెప్పుకొనదగిన వృద్ధి యేదియు కానరాలేదని 2012లో తేల్చిరి. యంత్రము వచ్చినది, బోధన మునుపటివలెనే యుండెను.

బోధన మారవలెనన్నచో మొదట పిల్లవాడేమి యెరుగునో ఎరుగవలెను. ఈ మాటను మన ప్రాంతమున అందరికంటె ముందుగా ఆచరణలో చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. (వ్యావహారికమున కింత పోరాడిన మహనీయుని గూర్చి గ్రాంథికపు పలుకుబడిలో వ్రాయుచుండుట కాయన ఆత్మ కోపించునో నవ్వుకొనునో తెలియదు, నవ్వుకొనునని నా యాశ.) శ్రీముఖలింగ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించి, టెక్కలికి అనతిదూరమున నున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తి నవలంబించిన ఆయన, కొండలనుండి దిగివచ్చు సవర గిరిజనుల మాట తనకు తెలియకపోవుట యొక లోపముగా భావించి, తెలుగును సవరయు వచ్చినవాని నొకనిని ఇంట నిలుపుకొని, ఏండ్ల తరబడి ఆ భాష నభ్యసించెను. ఆ పిమ్మట గదా వాచకములు వ్రాసినది! తన వ్యయముతో బడులు పెట్టించి, ఉపాధ్యాయులకు తానే జీతములిచ్చి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించెను. మదరాసు ప్రభుత్వమువారు పుస్తకములకు పారితోషికము నీయ వచ్చినపుడు, ఆ ధనముతో బడి పెట్టించుడని కోరిన కథ ఈ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. 1931లో వెలువడిన సవర వ్యాకరణమును, 1938 నాటి నిఘంటువును పండితులు ప్రశంసింతురు. నాకు మాత్రము వానికి ముందు నడచిన ఆ చిన్న వాచకములే మిన్నగా దోచును. సాధన నిర్మాణమున నేటి నిపుణులు చెప్పు క్రమమంతయు, అనగా అభ్యాసకుని తెలిసికొనుట, పాఠము కూర్చుట, గురువును తయారుచేయుట, బడిలో పరీక్షించి దిద్దుకొనుట, ఆయన చేతులమీదుగా అప్పుడే జరిగిపోయినది.

మందస మండలపు కొండవాలున సవర పలుకు పిల్లలు నేడును కలరు. ఇచ్ఛాపురము వైపున ఇంట ఒడియా, వీధిలో తెలుగు, పుస్తకమున ఆంగ్లము నెదుర్కొను పిల్లలు కలరు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధన ప్రారంభమైనది గాని, అనంతరము వచ్చిన తెరలలో ఆ భాషలకు దొరికిన చోటు అత్యల్పము. కాగితముమీద ఒక వాచకము నచ్చువేయుటకంటె తెరమీద ఒక గొంతును వినిపించుట తేలిక. సవర ముదుసలి చెప్పు కథను సెల్‌ఫోనులో పట్టి బడిలో వినిపింప లక్షలు అక్కరలేదు. తేలికయైన పనిని వదలి కఠినమైన పనికై కోట్లు వెచ్చించుట మన పాలకులందరి సామాన్య లక్షణము.

ఇక పరీక్ష విషయము. దూరశ్రవణ దూరదర్శనముల యుగముననే ఈ దేశము ఈ విషయమున గొప్ప మార్గమొకటి చూపినది. 1975 ఆగష్టు నుండి 1976 జూలై వరకు, ఆంధ్రప్రదేశము ఒడిసాలతో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు అమెరికా వారి ఉపగ్రహము ద్వారా పాఠములు ప్రసారము చేసిన ‘సైట్’ ప్రయోగమున, ఇస్రో సంస్థ ప్రశ్నపత్రములతో తృప్తిపడక మానవశాస్త్రజ్ఞులను పల్లెలకు పంపినది. వారు అచ్చటనే కాపురముండి, టీవీ యెదుట ఎవరు కూర్చుందురు, ఎవరు లేచిపోవుదురు, మరునాడు బావికడ ఏమి మాటలాడుకొందురు అని కనిపెట్టుచు వచ్చిరి. ఉపగ్రహమును నడపుటకంటె ఈ కాపురము తక్కువ ఘనమైనది కాదు.

ఉమ్మడి రాష్ట్రముననే 2005 మొదలుకొని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడ్పాటుతో ఐదు జిల్లాల గ్రామీణ పాఠశాలలలో నడపిన పరిశోధనలలో చదువరులు మరువరాని యొక ఫలితము కలదు. కొన్ని బడుల ఉపాధ్యాయులకు ప్రతి పిల్లవాని తప్పొప్పులను విడమరచి చూపు నివేదికల నిచ్చి, అప్పుడప్పుడు పోయి చూచుచు వచ్చిరి. చూడబోయినవారి కన్నులకు ఆ ఉపాధ్యాయులు ఇతరులకంటె చురుకుగా బోధించుచున్నట్లే కానవచ్చిరి. సంవత్సరాంతమున పిల్లలకు పరీక్ష పెట్టగా రెండు వర్గముల బడులకును భేదము లేకపోయెను! తనిఖీ దినమున తరగతి వెలుగుట తెలుగునాట ఎవరికిని క్రొత్త సంగతి కాదు గాని, దానిని అంకెలలో పట్టి నిలిపిన ఘనత వారిది. నేడు యాప్‌లలోని డాష్‌బోర్డులను చూచి మురియు అధికారులకు ఈ ఫలితమును ప్రతి మాసమును వినిపింపవలెనని నా కోరిక.

సాధనము ఫలించిన దృష్టాంతములు లేకపోలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అను గణన యంత్ర పాఠక్రమమును పరిశీలించి 2019లో ప్రకటించిన వ్యాసమున అదే మురళీధరన్, తన సహచరులతో గూడి, ఆరవ తరగతి పిల్లలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడియున్నారనియు, ఆ యంత్రము ప్రతి పిల్లవానికిని వాడున్న మెట్టునుండియే పాఠము నెత్తుకొనుటచే నాలుగున్నర మాసములలోనే గణితమునను హిందీలోను స్పష్టమైన పురోగతి కలిగినదనియు నిరూపించెను. పెరూ లాప్‌టాప్ ఓడినచోట ఇది గెలిచిన రహస్యమింతే: తరగతి సిలబసును కాక, పిల్లవాని స్థితిని అది చదివినది. అచ్చటను తెర యొక్కటియే పని చేయలేదు. సగము సమయము తెరకు, సగము సమయము చిన్న గుంపును కూర్చుండబెట్టుకొను సహాయకునకు.

ఉపాధ్యాయ శిక్షణను గూర్చి రెండు మాటలతో సరిపెట్టెదను. 2017లో దీక్షా అను అంతర్జాల వేదిక వచ్చినది, 2019లో నిష్ఠా అను ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభమైనది. కోర్సు పూర్తిచేసిన వారికి ధ్రువపత్రములు తెరమీదనే అందును. వీడియో చివరివరకు నడచినదనుటకు ఆ పత్రము సాక్ష్యము, అంతకుమించి కాదు. డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అను అమెరికను ఆచార్యుడు 1959లోనే శిక్షణకు నాలుగు మెట్ల పరీక్షను చెప్పియుండెను: వచ్చినవారికి నచ్చినదా, నేర్చినారా, పనిలో మారినారా, ఆ మార్పుచే ఫలితము మారినదా. మన వ్యవస్థ మొదటి మెట్టుమీదనే ఫొటో తీయించుకొని దిగివచ్చుచున్నది.

మూడవ, నాలుగవ మెట్లెంత దూరమో వైద్యరంగమున గోదావరి తీరపు టనుభవ మొకటి తెలుపును. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను వైద్య పరిశోధన సంస్థ వారు పశ్చిమగోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో ఆశా కార్యకర్తలకు శిక్షణ నిచ్చి, ట్యాబులను చేతికిచ్చి, రక్తపోటు చూచి గుండెజబ్బు ముప్పును లెక్కకట్టి వైద్యునికడకు పంపు విధానమును నెలకొల్పిరి. గ్రామ గ్రామమును ఒకేసారి కాక, చీట్లు తీసినట్లు విడతలవారీగా చేర్చుకొనుచు పోవుటచే, వెనుక చేరిన గ్రామములు ముందు చేరినవానికి పోలికగా నిలిచినవి. ఆశాలు నేర్చిరి, తిరిగిరి, వేలాదిమంది ముప్పున నున్నవారిని గుర్తించిరి. అయినను తుదకు రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి నిష్పత్తిలో రెండు పక్షములకును చెప్పుకొనదగిన తేడా లేదని తేలినది. దీనిని దాచక ప్రకటించిన వారికి నమస్కారము. ఆశా చేతిలోని తెర ముప్పును చూపగలదు; మాత్రలు ప్రతి నెలయు దొరకుట, వైద్యుడు ఆ దినమున ఉండుట, కూలి మానుకొని రోగి పోగలుగుట ఆ తెరలో లేవు.

ఉద్దానమునకు ఈ యనుభవము మరియేచోటికంటెను అవసరము. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురము మండలములలో మూలమిదియని నేటికిని నిర్ధారణ కాని మూత్రపిండ వ్యాధి కుటుంబములకు పెనుభారమై నిలిచినది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. హిరమండలపు జలము గొట్టముల ద్వారా ఊళ్లకు వచ్చినది. కాని ఈ వ్యాధి ముదురువరకు లక్షణము చూపదు. రక్తమున క్రియాటినిన్ చూచిననే గాని తెలియదు. అందుచే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణ ఇచ్చట రోగికిని ఆసుపత్రికిని నడుమనున్న వంతెన. అట్టి శిక్షణ కొక సాధనమును కూర్చువారు నన్నడిగినచో, రోగచరిత్రను వివరించు ముప్పది నిమిషముల వీడియోను ముందుగా తొలగింతును. కొబ్బరితోటలో ఎండలో దినమంతయు పనిచేసి వచ్చి, ఒళ్లు నొప్పులకు మందులషాపున ఏదో యొక బిళ్ల కొని మ్రింగు మనుష్యునితో ఏమి మాటలాడవలెను, ఆ బిళ్లలు కిడ్నీకి చేయు కీడును నొప్పించక ఎట్లు చెప్పవలెను, పరీక్ష ఫలితమును చూచి భయపడి ఇక ఆసుపత్రికి రానన్నవానిని ఎట్లు మరల రప్పింపవలెను, ఇట్టి చిన్న చిన్న సన్నివేశములను ఈ ఉత్తరాంధ్ర పలుకుబడిలోనే, ఇచ్ఛాపురమున ఒడియాలోను, ఆశాలచేతనే చెప్పించి పట్టుదును. పలుచని నెట్‌వర్కులో గాక ఫోనులోనే నిలువయుండునట్లు చేయుదును. ఆశా ఫోనులో ఇప్పటికే యున్న యాప్‌లలో ఒకటి రెండైనను తీసివేయనిదే క్రొత్తది చేర్పరాదని పట్టుపట్టుదును. ఈ పట్టుదల నెగ్గునని నమ్మకము లేదు.

పరీక్ష మాటకు వచ్చినచో, పశ్చిమగోదావరి విడతల పద్ధతియే ఇచ్చట తగినది; ఏ గ్రామమును శాశ్వతముగా వెనుక పెట్టక, ముందెవరు వెనుకెవరు అనునది అందరి యెదుట చీట్లు తీసి నిర్ణయింపవచ్చును. కొలువవలసినది శిక్షణకు వచ్చినవారి సంఖ్య కాదు, ఆరు మాసముల పిమ్మట నొప్పిబిళ్లలు మానినవారెందరు, మరల రక్తపరీక్షకు వచ్చినవారెందరు అను రెండే. కొలుచువారు సాధనమును చేసిన సంస్థవారు కారాదు. మార్చి నుండి మే వరకు జీడితోటల పనిలో ఇండ్లకు తాళములు పడియుండును గావున ఆ మాసములలో ఇంటింటి లెక్క వలదు. తుపానులు తరచుగా వచ్చు అక్టోబరు నవంబరులను గూడ తప్పించి సంక్రాంతి దాటిన మూడు నాలుగు వారములను ఎంచుకొనుట మేలు, ఆ వ్యవధిలో ఎన్ని గడపలు తిరుగగలరో ముందుగా ఆశా కార్యకర్తలనే అడిగి ఆ సంఖ్యతో పని మొదలుపెట్టవలెను.