మీకు తెలుసా? వేణువు బదులు ట్రంపెట్!

మొజార్ట్ 1791లో కూర్చిన ‘ది మ్యాజిక్ ఫ్లూట్’ ఒపెరా పేరుకు అర్థమే మాయా వేణువు. కేప్‌టౌన్‌కు చెందిన ఇసాంగో ఎన్సెంబుల్ నాటక బృందం దాన్ని ఆడినప్పుడు మాత్రం ఆ వేణువు ట్రంపెట్‌లా పలుకుతుంది! వయొలిన్లు లేవు. చెక్క పట్టీల మీద పుల్లలతో కొట్టి వాయించే మరింబాలు, డ్రమ్ములు, గొంతులు. కథలోని మాయగంటలు మోగాల్సిన చోట నీళ్లు నింపిన సీసాలు మోగుతాయి. ఒక్కోదాంట్లో ఒక్కో మట్టం, ఒక్కో స్వరం. జలతరంగం విన్నవాళ్లకు ఈ కిటుకు విడమరిచి చెప్పక్కర్లేదు. ‘ఇంపెంపె యొమ్లింగో’ అనే ఈ ప్రదర్శన 2008లో లండన్‌లో ఒలివియర్ అవార్డు గెలుచుకుంది.

దర్శకుడు మార్క్ డోర్న్‌ఫోర్డ్-మే, గాయని పాలిన్ మలెఫానె ఈ బృందానికి మూలస్తంభాలు. కళాకారుల్లో ఎక్కువమంది కేప్‌టౌన్ చుట్టుపక్కల నల్లజాతివారి బస్తీల నుంచి వచ్చినవాళ్లే.

ఆ ప్రదర్శనకు ముందే వీళ్లిద్దరూ కలిసి సంగీతకర్త బిజే ఒపెరా ‘కార్మెన్’ను సినిమాగా తీశారు. స్పెయిన్‌లోని సెవిల్ నగరం కాస్తా కేప్‌టౌన్‌లోని ఖయెలిత్షా బస్తీ అయింది. ఒపెరా కథలోని సిపాయి కాస్తా పోలీసయ్యాడు. సిగరెట్ ఫ్యాక్టరీ మాత్రం అలాగే ఉంది! పాటలన్నీ దక్షిణాఫ్రికాలోని ఖోసా భాషలోనే. కార్మెన్‌గా నటించిన మలెఫానె ఆ బస్తీలో పెరిగిన మనిషే. అందుకే కాబోలు, ఆమె నడకలో ఎక్కడా వేషం కట్టినట్టు ఉండదు. ‘యు-కార్మెన్ ఎఖయెలిత్షా’ అనే ఆ సినిమాకు 2005లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం గోల్డెన్ బేర్ దక్కింది. దొరికితే చూడండి. ఖోసా రాకపోయినా ఫర్వాలేదు.