తాడు లాగితే ఇంజన్ ఎందుకు ఆగుతుంది?

కరువు సీమలో పడవల మాటేమిటి అనుకోకండి. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న అవుకు జలాశయంలోనూ, సంగమేశ్వరం దగ్గర కృష్ణలోనూ పడవలు తిరుగుతాయి.

పడవ వెనక తగిలించే చిన్న ఔట్‌బోర్డు మోటారును చేత్తో పట్టుకుని నడుపుతారు. నడిపే మనిషి నీళ్లలో పడితే? ఇంజన్ ఆగదు. పట్టు తప్పిన మోటారు ఓ పక్కకు తిరుగుతుంది, పడవ గుండ్రంగా చక్కర్లు కొడుతూ పడ్డవాళ్ల మీదికే రావచ్చు. 2013లో ఇంగ్లండులోని పాడ్‌స్టో దగ్గర ఇలాగే ఇద్దరు చనిపోయారు. తాడు లాగితే ఇంజన్‌ను ఆపే స్విచ్ ఆ పడవకు ఉంది, నడిపే మనిషి ఒంటికి కట్టుకోవాల్సిన ఆ తాడే ఎవరూ కట్టుకోలేదు!

మరి స్విచ్చే లేని పాత మోటారుకు? ఇలాంటివాటిలో చాలావాటికి బ్యాటరీ ఉండదు. తిరిగే ఫ్లైవీల్‌లోని అయస్కాంతాల వల్లే కరెంటు పుట్టి, స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ వస్తుంది. అలాంటిదానికి కొత్తగా స్విచ్ బిగించి, దాన్నుంచి ఒక వైరు ఇగ్నిషన్‌కు, ఇంకోటి ఇంజన్ లోహానికి కలుపుతారు. తాడు చివరి క్లిప్పు స్విచ్‌లో ఉన్నంతసేపు ఆ రెండు వైర్లూ విడివిడిగా ఉంటాయి. మనిషి పడిపోతే తాడు క్లిప్పును లాగేస్తుంది, రెండూ కలుస్తాయి. కరెంటు ప్లగ్ దాకా పోకుండా లోహంలోకి దిగిపోతుంది. రవ్వ లేదు, ఇంజన్ ఆగిపోతుంది. ఆపడానికి తెంపడం కాదు, కలపడం! విచిత్రమే.

బ్యాటరీతో రవ్వ పుట్టే మోటార్లలో పద్ధతి వేరు, కాబట్టి ఈ పని మెకానిక్‌దే. బిగించాక ఒడ్డు దగ్గరే ఇంజన్ నడిపి, తాడు లాగి చూడాలి.