ఒకసారి పడ్డారంటే ఊరుకోకండి

ఇంట్లో దాదీగానీ, నానాగానీ జారిపడితే "వయసైంది కదా, మామూలే" అని వదిలేస్తున్నారా? అలా వదిలేయకండి. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం రెట్టింపు అవుతుంది. వృద్ధుల్లో తుంటి ఎముక విరగడానికి నూటికి 95 సందర్భాల్లో పడిపోవడమే కారణం.

ముసలితనంలో మిజాజ్ (శరీర స్వభావం) చల్లబడి, పొడిబారుతుందని యునానీ వైద్యం చెబుతుంది. 1037లో మరణించిన ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో పెద్దవారి సంరక్షణ గురించి ప్రత్యేకంగా రాశారు. కొంచెం కొంచెంగా తేలికైన ఆహారం, మితమైన మర్దన, ఒంటి శక్తికి తగిన రియాజత్ (వ్యాయామం) అవసరమన్నారు.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

* ముట్లు ఆగిపోయి ఎముకలు గుల్లబారిన స్త్రీలకు, చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికి.
* నిద్రమాత్రలు, బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవారికి. ఇవి తూలు తెప్పించవచ్చు. అలాగని మీ అంతట మీరు మాత్రలు మానేయకండి, డాక్టరును అడగండి.
* షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కేవారికి, కంట్లో శుక్లాలున్నవారికి.
* ఎండ తగలక విటమిన్-డి తగ్గినవారికి.

ఇంట్లో ఏం చేయాలి?

ఫజర్‌కు లేవగానే గబుక్కున నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేవమనండి. వజూ చేసేచోట నీరు నిలవనీయకండి. కూర్చోడానికి కదలని స్టూలు, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టించండి. రాత్రి బాత్‌రూంకు వెళ్లే దారిలో చిన్న లైటు వెలగాలి. సజ్దా నుంచి లేచేటప్పుడు తూలేవారు కుర్చీలో కూర్చుని నమాజ్ చేయవచ్చు. ఉపవాసాలుండే పెద్దలు మందుల వేళల గురించి రంజాన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు, ముల్లుతో సహా నమిలే చిన్నచేపలు ఎముకకు బలం. రోజూ కాసేపు ఎండలో నడిపించండి.

పడితే మర్దన వద్దు

జైతూన్ నూనె మర్దన బిగుసుకున్న కండరాలకు హాయినిస్తుంది. విరిగిన తుంటికి మాత్రం హాని చేస్తుంది. పడ్డాక లేవలేకపోయినా, ఒక కాలు పొట్టిగా కనిపించి పాదం బయటికి తిరిగినా మర్దన చేయకండి, నాటుకట్టు వేయించకండి. కాలు కదలనీయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నడవగలిగినా గజ్జల్లో నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. ఆపరేషన్ అవసరమైతే 48 గంటల్లోపు జరగడం మేలు. ఆలస్యమై మంచాన ఉండిపోతే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి ప్రాణం మీదికి తెస్తాయి.

చాలామంది పెద్దలు పడిన సంగతి దాచేస్తారు. పిల్లలు కోప్పడతారనో, గడప దాటనివ్వరనో వారి భయం. కాబట్టి మెల్లగా అడగండి. ఎక్కడ పడ్డారు, ఏ వేళప్పుడు, ఏ మాత్ర వేసుకున్నాక? ఆ జవాబులు మీ హకీమ్‌కు, డాక్టరుకు చెప్పండి. రెండోసారి పడకుండా ఆపడానికి అవే ఆధారం.